ఆగ్నేయంలో వైఫై, వాయవ్యంలో అవధాని

శ్రీరస్తు. మాటను నడుమ తెగనీయక చివరిదాకా నడిపించే చదువులతల్లికి నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర కార్తిక శుద్ధ ఏకాదశి నాడు, పాలమూరిలోని మా ఇంట కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆ రోజుల్లో నేను యువకుడను. వయస్సు అరవై దాటిన మాట నిజమే గాని, తెర ముందు కూర్చుండి అష్టావధానం చేసే విద్యలో నాకప్పటికి నెల కూడ నిండలేదు గనుక ఆ లెక్కన పసివాడినే. కరోనా వచ్చి సభామందిరాలకు తాళాలు పడ్డవి. శాలువలకు అలవాటుపడిన మా పండితవర్గం కొన్నాళ్లు దిక్కుతోచక తిరిగి, చివరకు ఎవరింట వారు కూర్చుండి తెర మీద కలుసుకోవడం మొదలుపెట్టింది. (శాలువను తెరగుండా కప్పే ఉపాయం దొరకలేదు గనుక కొందరు పెద్దలు అసలు రానే లేదు.) ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది రకాల ప్రశ్నలతో పొడుస్తుండగా ఒక్కొక్క పాదంగా పద్యాలల్లి, ఆఖరున వాటన్నిటినీ వరుసగా నోటికి అప్పజెప్పవలెను. ఆ అప్పజెప్పడమే ధారణ. ధారణ తప్పిన అవధానికి ఆ పూట అన్నం కూడ అయిష్టంగానే వడ్డిస్తారు.

ఇందుకోసమే ఇంటికి వైఫై పెట్టించినాము. నేను ఆ యంత్రానికి ‘నిస్తంత్రీ జాలవాహిని’ అని నామకరణం చేసినాను. ఇంట్లోవారు ‘డబ్బ’ అన్నారు. దాని స్థానమేదో తేల్చడానికి నా బావమరిదిని పిలిపించినాను. అతనికి వాస్తు తప్ప మరొక శాస్త్రం తెలియదు. తెలియని శాస్త్రాల విషయంలో కూడ వాస్తు ప్రకారమే తీర్పు చెప్పును. అతడు డబ్బను అరచేత పట్టి, వేడిని పరీక్షించి, మిణుకుమిణుకుమనే దీపాలను నిదానించి చూచినాడు.

“బావా, ఇది కరెంటు తాగుతది, కాకెక్కుతది, మెరుస్తది. అగ్ని గాకుంటె ఇంకేంది? ఆగ్నేయంల పెట్టకుంటె ఇల్లు ఆగమైతది” అన్నాడు.

నేను తక్షణమే సమ్మతించి, ఆ తీర్పును సమర్థిస్తూ ఒక కందపద్యం చెప్పినాను. (ఎవరూ అడగలేదు.) మా ఇంట ఆగ్నేయమంటే వంటిల్లు. బియ్యం డ్రమ్ముకూ స్టీలు బిందెల వరుసకూ నడుమ డబ్బ ప్రతిష్ఠితమైంది. నా భార్య దానికి కుంకుమ పెట్టి, దుమ్ము పడకుండ పూలు కుట్టిన గుడ్డ కప్పింది. నా పుస్తకాల గది ఇంటికి ఎదురుకొసన, వాయవ్యపు మూలన ఉన్నది. నడుమ తాతలనాటి రాతిగోడలు, ఒక ఇనుప బీరువా. ఇన్నిటిని దాటుకొని సిగ్నలు నా గడప దగ్గరకు వచ్చేసరికి దానికి లోపలికి అడుగుపెట్టే ఓపిక మిగిలేది కాదు.

హైదరాబాదు కంపెనీ పనిని ఇంటినుండే చేసుకొంటున్న మా కోడలు, డబ్బను గుడ్డ తీసి నడిమింటి గోడకు ఎత్తున బిగిస్తే అన్ని గదులకూ అందుతుందని వినయంగా చెప్పిచూచింది. నేను ఆగ్నేయ మాహాత్మ్యాన్ని వివరించినాను. ఆమె ఓపికగా అంతా విని, “సిగ్నలు గాలిలనే వస్తది గద మామయ్యా. మరి వాయుదేవుని మూలకు, మీ గదిలనే పెడితె తప్పేంది?” అన్నది. ఇందుకు సమాధానంగా నేను ఆ కందపద్యాన్నే మళ్లీ రాగం తీసి చదివినాను.

పాపం, ఆమె సిగ్నలును పెంచే చిన్న యంత్రమొకటి తెప్పించింది. అది ఇంటి నడుమ ఉండవలెనట. బ్రహ్మస్థానంలో బరువు పనికిరాదని బావమరిది ఫోనులోనే అడ్డుపడ్డాడు. (దాని బరువు సబ్బుబిళ్లంత.) కనుక అది నైరుతిలో బట్టల బీరువా వెనుకకు పోయింది. అక్కడికి సిగ్నలే రాదు. రానిదానినే అది పరమ విశ్వాసంతో రెట్టింపు చేస్తూ కూర్చున్నది.

ఇట్టి ఏర్పాట్లతో నా తొలి తెరావధానం జరిగింది. ధారణలో మూడవ పద్యం ఎత్తుకొని, కన్నులరమూసి, చేయి పైకెత్తి, రాగం తీసి, ఆఖరి పద్యం దాకా ఒక్క అక్షరం తొణకకుండ అప్పజెప్పి నమస్కరించినాను. కన్నులు తెరిచి చూతును గదా, ఎదుట ఎవరూ లేరు. కాసేపటికి నల్లగొండనుండి ఘంటాగణనం మిత్రుడు ఫోను చేసినాడు. అవధానం నడుస్తుండగా మధ్యమధ్య గంట కొట్టి, మొత్తం ఎన్ని కొట్టినాడో చివర అడగడం ఆయన వంతు.

“మూడో పద్యం కాడ నోరు తెరిచి గట్లనే ఉండిపోతివి. మేము చూసి చూసి లేచినం. పోనీ తియ్యి, వయసు గద. వచ్చే సభకు నువ్వే అధ్యక్షుడివి. సన్మానం గూడ చేద్దాం” అన్నాడు.

మా వర్గంలో సన్మానమంటే ‘ఇక చాలించు’ అని అర్థం. అధ్యక్షపీఠమంటే మాట్లాడడానికి వీలులేని ఎత్తైన చోటు. వైఫై దోషమని ఎంత మొత్తుకొన్నా, నేటికాలంలో ధారణ తప్పిన ప్రతివాడూ చెప్పేది అదేనన్నారు. బతిమాలగా చివరకొక అవకాశమిచ్చినారు: మరుసటి వారం గంటల నడుమ మళ్లీ ధారణ చేయవలెను, తప్పితే శాలువ తప్పదు.

ఆగ్నేయాన్ని పద్యరూపంలో సమర్థించినవాడిని, కోడలి ముందు డబ్బను కదిలించుమనడానికి నోరు రాలేదు. అందుచేత నన్ను నేనే కదిలించుకొన్నాను. జరీ అంచు ఉత్తరీయం వేసుకొని, గంధం పెట్టుకొని, వంటింట గ్యాసు పొయ్యి పక్కన స్టూలు మీద ఆసీనుడనైనాను. పప్పు కుక్కరెక్కింది, అవధానం ఉన్నదని ఇంటివారికి ఆకలి ఆగదు గదా. సిగ్నలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నది. పద్యాలు జలజల వచ్చినవి. చెవిన పడ్డ ప్రతి మోతను లెక్కలో వేసుకొంటూ చివరి పాదం ముగించి, “గంటలు పద్దెనిమిది” అన్నాను.

ఘంటా మిత్రుడు తల అడ్డంగా ఊపినాడు. “నేను కొట్టినయి పదిహేనే.”

తెర మీద అందరి మొగాలలోనూ జాలి కనిపించింది. ఒకాయన అప్పుడే శాలువ రంగును తలపోస్తున్నట్లు తోచింది. సరిగ్గా అప్పుడు నా భార్య పెరట్లోనుండి చేతులు తుడుచుకొంటూ వచ్చి, నా ఎదుట సభ ఉన్న సంగతి మరిచి, “ఇగో, మూడు విజిల్లు వచ్చినయా? వస్తె పొయ్యి బంద్ చేయరాదు” అన్నది.

సభలో నవ్వుల మోత. కుక్కరును కూడ వదలక లెక్కించినవానికి అధ్యక్షపీఠం ఇప్పట్లో అక్కరలేదని ఘంటా మిత్రుడే ప్రకటించినాడు. నేను గంభీరంగా పొయ్యి ఆర్పినాను.

బయటి రాకపోకలు సడలిన పిదప ఈ విజయం చెప్పుకొందామని బావమరిది ఇంటికి పోయినాను. అతని వైఫై డబ్బ ఇంటి నట్టనడుమ, గోడకు ఎత్తున, గుడ్డ గిడ్డ లేకుండ వెలుగుతున్నది. నా చూపు ఎటున్నదో కనిపెట్టి, అతడు ఏమాత్రం తొణకకుండ, “ఇది కిరాయి ఇల్లు గద బావా. దీని వాస్తు ఓనరు చూస్కుంటడు” అన్నాడు.

జరీ ఉత్తరీయంతో కుక్కరు పక్కన బిగుసుకొని కూర్చున్న ఆ యువకుడు ఇప్పటికీ అప్పుడప్పుడు కండ్లముందు మెదులుతాడు. నవ్వు వస్తుంది. తెలియని విషయాన్ని పద్యంలో ఖరారు చేయగల అతని ధీమా నాకిప్పుడు లేదు. ఎందుకో అది కొంచెం లోటుగానే ఉన్నది.

శార్వరి నామ సంవత్సర భాద్రపద శుద్ధ దశమి నాడు డబ్బను నడిమింటి గోడకు బిగించినాము. అన్ని గదులకూ అందుతున్నది. ఇల్లు ఆగం కాలేదు.