తిరకాసు మాస్టారి మేధావులు

మా లెక్కల మాస్టారి నోట్లో మాటలు తలకిందులుగా పుడతాయి. అందుకే పిల్లలు ఆయనకి తిరకాసు మాస్టారని పేరు పెట్టారు. లెక్క సరిగ్గా చేస్తే "ఏడిశావు, కూర్చో" అంటాడు. తప్పు చేస్తే "ఆహా, మేధావివి! నిన్ను కన్న తల్లి ధన్యురాలు" అంటాడు. ఇంట్లోనూ ఇదే వరస. "ఇది మనుషులు తినేదేనా?" అంటూ మూడోసారి వడ్డించుకుంటాడట. "బాగుంది అన్నారంటే గిన్నె అవతల పారేస్తానండీ" అని వాళ్లావిడే చెప్పింది. స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ సైన్సు చెప్పే నాది. అందుకని ఇవన్నీ నాకు తెలుసు.

ఆ ఏడు కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. ఎవరేమన్నా అక్షరాలా నమ్మే మనిషి. ఆవిడ వెనకే పైనుంచి ఉత్తర్వు ఊడిపడింది. ప్రతిభ ఉన్న పిల్లల్ని ఏరి, గాలీ వెలుతురూ ఉన్న గదిలో, కొద్దిమందినే కూర్చోపెట్టి విడిగా చదివించాలట. మరి వాళ్లకి మాస్టారో? ఉన్నవాళ్లతో సర్దుకోవాలి. ప్రతిభని కనిపెట్టేదెలా? అదీ మీరే సర్దుకోవాలి.

పాపం, ఆవిడ తరగతుల గుమ్మాల దగ్గర నిలబడి వినడం మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి దగ్గరికి వచ్చేసరికి మా మాస్టారు, ఊళ్లో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ కూతురి మీద గొంతు చించుకుంటున్నాడు.

"నువ్వు మేధావివమ్మా! నీలాంటి బుర్ర ఎక్కడా పుట్టలేదు!"

వెనక బెంచీ మొత్తానికి అదే సత్కారం జరిగింది. సాయంత్రానికల్లా వాళ్లంతా ప్రతిభ తరగతి. వాళ్లని కనిపెట్టిన మాస్టారే వాళ్లకి మాస్టారు.

పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. తర్వాత నాకు భయమేసి, అసలు సంగతి హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పేద్దామని లేచాను. అప్పుడే దర్జీ ఆవిడ వచ్చింది.

"అయ్యా, ఈసారి తప్పితే దీన్ని బడి మాన్పించి మిషను మీద కూర్చోపెడదామనుకున్నా. మేధావి అన్నారట కదా! ఇంకెలా మాన్పిస్తాను?"

"మాన్పించకమ్మా" అన్నాడు మాస్టారు, ఏ తిరకాసూ లేకుండా. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆవిడ వెళ్లాక అడిగాను. "గుమ్మంలో మేడమ్ ఉన్నట్టు మీకు తెలుసా?"

"నాకేం తెలుసు!" అన్నాడు. ఆయన భాషలో దానర్థం వేరే చెప్పక్కర్లేదు.

మొదటి బెంచీ వాళ్లకి రోజూ ఒక కొరకరాని లెక్కిచ్చి, "మీవల్ల కాదు, వదిలెయ్యండి" అని పోయేవాడు. వాళ్లు పంతం కొద్దీ మర్నాటికి చేసుకొచ్చేవాళ్లు. కొత్త గదిలో మాత్రం ఒక్కొక్కరి పక్కనా కూర్చుని, బుర్రకెక్కేదాకా చెప్పేవాడు. నెమ్మదిగా ఆ గదిలో "మేధావి"లు తగ్గి "ఏడిశావు"లు పెరిగాయి.

ఏడాది చివర, ఆ తరగతి ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చడానికి అధికారి వచ్చాడు. దర్జీ ఆవిడ కూతురికి పెద్ద లెక్కే ఇచ్చాడు. పిల్ల బోర్డు మీద చకచకా చేసేసి, మాస్టారి వైపు చూసింది.

మాస్టారు ఇరకాటంలో పడ్డాడు. "ఏడిశావు" అంటే అధికారి తరగతి ఎత్తేస్తాడు, పిల్ల మిషను మీదికి పోతుంది. ఇన్నేళ్ల అలవాటుని గొంతులోనే నొక్కేసి, "చాలా బాగా చేశావమ్మా" అన్నాడు.

పిల్ల మొహం పాలిపోయింది. గబగబా డస్టరు అందుకుని లెక్కంతా చెరిపేసింది. కళ్లనిండా నీళ్లు.

"అదేంటి, తప్పా?" అన్నాడు అధికారి. ఏ మాటంటే కొంప మునుగుతుందో తెలీక మాస్టారు గుడ్లప్పగించి నిలబడ్డాడు.

వెనకనుంచి హెడ్‌మిస్ట్రెస్ గొంతు ఖంగుమంది. "ఏడిశావు గానీ, మళ్లీ రాయి!"

పిల్ల మొహం వెలిగిపోయింది. కళ్లు తుడుచుకుని, మొత్తం మళ్లీ రాసేసింది. అధికారి లెక్కంతా సరిచూసి, తరగతి ఉండనివ్వమన్నాడు. పోతూ పోతూ ఆగాడు.

"అయినా పిల్లని అలా తిడతారేంటండీ?"

"తిట్టడమేంటి సార్," అంది ఆవిడ, "ఏడాదిగా నేనూ ఈ మాస్టారి దగ్గరే చదువుకుంటున్నా."