ఆల్చిప్పల తరఫున మా బావ

మా బావకి ఎవరినీ తప్పుపట్టడం చేతకాదు. ఏది పాడైనా, ఎవరు చతికిలబడ్డా, "దాన్ననకు, లోపల ఎవరో తింటున్నారు" అంటాడు. రేవు పక్కన ఆల్చిప్పల పరీక్షశాలలో ఆయన పాతికేళ్లుగా చిప్పలు తెరిచి చూస్తున్నాడు. నేను ఆయన రిపోర్టులు టైపు చేస్తున్నాను. ఆఫీసులో పై అధికారి, ఇంట్లో అక్క మొగుడు. కాబట్టి ఈ మాట నాకు రెండు పూటలా తప్పదు.

ఓసారి ఆఫీసులో ఫ్యాను ఆగిపోయింది. "పాపం, లోపల ఎవరున్నారో!" అంటూ బావ స్టూలెక్కి టార్చి వేశాడు. బల్లి ఉంది. ఇక ఆయన్ని పట్టలేకపోయాం.

కూతురు లెక్కల్లో తప్పిన రోజున అక్క, "మీరైనా రెండు కేకలెయ్యండి" అంది.

"దాన్ననకే. లోపల ఏదో తింటోంది."

"తినేది అదే! పొద్దుట్నుంచీ బిస్కెట్లు!"

ఒక సోమవారం, చిప్పలు పెంచే ఆవిడ బకెట్టుతో వచ్చింది. మడుగులో సగం చిప్పలు చచ్చాయట. ఆవిడ అశ్రద్ధేనని తేల్చి, శుక్రవారం నాటికి మడుగులు అద్దెకిచ్చే రేవు కమిటీ మడుగు లాగేసుకుంటుందట. ఆవిడకి ఉన్న ఆధారం అదొక్కటే.

"మామూలు క్రిమికే చచ్చాయంటున్నారండీ. అది అన్ని మడుగుల్లోనూ ఉంటుందిట. మరి నావే ఎందుకు చచ్చాయంటే ఏం చెప్పను?"

"లోపల ఎవరో తింటున్నారమ్మా," అన్నాడు బావ. నేను దగ్గు వచ్చినట్టు నటించి నవ్వు ఆపుకున్నాను.

ల్యాబులో ఫ్రిజ్ నిండిపోతే ఆవిడ తెచ్చినవాటిలో పన్నెండు చిప్పల్ని ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాడు. మర్నాటికి అక్క వాటిని వండేసింది.

"రోగుల్ని వండేశావా!"

"రోగులైతే ఆస్పత్రిలో పెట్టుకోండి. నా కూరగాయల పక్కన వాళ్లకేం పని?"

బావ చెప్పులేసుకుని ఇంకో పన్నెండు చిప్పల కోసం ఆవిడ మడుగుకి పోయాడు.

శుక్రవారం కమిటీ ముందు నిలబడి చెప్పాడు. చిప్ప రక్తంలో కాపలా కణాలుంటాయి. అవి క్రిముల్ని మింగేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న చిప్పలో పది క్రిముల్ని వదిలితే ఎనిమిదింటిని మింగాయి, ఆవిడ చిప్పల్లో రెండింటినే. లోపల చేరిన పరాన్నజీవి ఆ కణాల్ని నీరసపరచింది. ఆ తరువాత మామూలు క్రిమి కూడా యముడైంది.

"అసలది ఆవిడ మడుగులోకి ఎలా వచ్చింది?" అన్నాడు ప్రెసిడెంటు.

"మీరిచ్చిన పిల్లచిప్పలతోనండీ. ఆ విడతవి ఆవిడకొక్కదానికే ఇచ్చారు. మీ తొట్టిలో మిగిలినవాటిలోనూ ఉంది."

ప్రెసిడెంటు ముఖం కందగడ్డలా అయింది. "అంటే తప్పు మాదంటావా?"

"అబ్బే, మిమ్మల్ననను. అది కంటికి కనబడదు కదండీ."

అందరికీ పరువు దక్కింది. మడుగు ఆవిడకే ఉండిపోయింది. పాతికేళ్లుగా ఆయన్ని చూసి నవ్వినందుకు నాకు కాస్త సిగ్గేసింది.

బయటికొచ్చాక ఆవిడ భోరుమంది. ఏడ్చేవాళ్లని ఓదార్చడం బావకి అసలు రాదు. కాసేపు చేతులు నలుపుకుని, "మిగిలిన చిప్పలు బెంగపడి ఉంటాయమ్మా. వెళ్లి వాటికో మాట చెప్పండి," అన్నాడు.

"ఏం చెప్పమంటారు?"

"మీ అమ్మ తప్పేం లేదర్రా అని."

ఆవిడ ఏడుపు మధ్యలోనే ఫక్కున నవ్వి, ఖాళీ బకెట్టు ఊపుకుంటూ మడుగు వైపు నడిచింది.