వరంగల్ నుంచి సముద్రం దాకా, దారి అడగకుండా

మా ముత్తాతను పన్నెండు ఊళ్ళవాళ్ళు పెద్దదొర అనేవారు. ఆయన కొడుకును, అంటే మా తాతను, కచేరి దొర అనేవారు. ఊళ్ళ తగాదాలన్నీ ఆయన అరుగు మీదే తెగేవి, తెగనివి కూడా ఆయన లేచి లోపలికి పోతే తెగినట్టే లెక్క. మా నాన్నను మొదట చిన్నదొర అన్నారు, తర్వాత దొర అన్నారు, నాకు ఊహ తెలిసేసరికి 'మట్టెవాడలో ఇత్తడి సామాన్ల దుకాణం మీద కిరాయికుండే సారు' అంటున్నారు. ఆ రోజుల్లో మనుషులు ఎంత తొందరగా పిలుపు మార్చేసేవారో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. భూములు కొన్ని చట్టానికి పోయాయి, కొన్ని కోర్టు ఖర్చులకు పోయాయి, మిగిలినవి మావాళ్ళ ఔదార్యానికి పోయాయి (ఔదార్యమంటే పేకాట అని అమ్మ చెప్పేది, నాన్న ఇంట్లో లేనప్పుడు). పోకుండా నిలిచింది వెన్నెముక. మా ఇంట్లో ఎవరూ వంగి కూర్చోరు. పీట మీద కూర్చున్నా సింహాసనం మీద కూర్చున్నట్టే ఉండేది, చూసేవాళ్ళకు మెడ నొప్పి పుట్టేది.

వెన్నెముకతో పాటు ఇంకో అలవాటు కూడా మిగిలింది. మావాళ్ళు దారి అడగరు. ముత్తాత బండి కట్టించుకుని బయలుదేరితే ముందు ఒక మనిషి కర్ర పట్టుకుని నడిచేవాడట. తన ఊరి పొలిమేర దాకా నడిచి ఆగిపోయేవాడు, అక్కడి నుంచి పక్క ఊరి మనిషి అందుకునేవాడు. అట్లా పొలిమేర తర్వాత పొలిమేర దాటుతూ మావాళ్ళు హైదరాబాదు దాకా పోయి వచ్చేవారు, ఒక్కసారి కూడా 'ఇది ఎటు పోతుంది' అని నోరు తెరవకుండా. (ఆ నడిచే మనిషికి జీతం లేదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ సంగతి మాట్లాడే అలవాటు కూడా మా ఇంట్లో లేదు.) ముందు నడిచే మనుషులు పోయారు, అడగని నోళ్ళు మిగిలాయి. నాన్న ఒకసారి నెక్కొండలో రైలు దిగి, పెళ్ళివారిల్లు ఎక్కడని అడగలేక, బాజా వినిపించిన ఇంటికి నేరుగా పోయి భోంచేసి వచ్చాడు. అది వేరేవాళ్ళ పెళ్ళి. "మర్యాద మాత్రం బాగనే చేసిన్రు" అన్నాడు.

డెబ్బైల చివర్లో నా డిగ్రీ పూర్తయి రెండేళ్ళయినా కొలువు దొరకలేదు. ఇంట్లో సంపాదించే మనిషి ఎవరూ లేరు. కింది ఇత్తడి దుకాణానికి మేము కిరాయిదారులమే కాదు, సరుకు ఇచ్చేవాళ్ళం కూడా. మూడు నాలుగు నెలలకోసారి మా గంగాళమో, దీపపు సెమ్మెనో మెట్లు దిగి ఆ దుకాణంలో కూర్చునేది. నేను మెట్లు దిగేటప్పుడు అటు చూడకుండా పోవడం నేర్చుకున్నాను. అట్లాంటప్పుడు హనుమకొండ రోడ్డులో సైకిళ్ళ సేటు నెక్కొండలో కొత్త దుకాణం తెరుస్తున్నాడని, దాని మీద కూర్చోవడానికి నమ్మకమైన మనిషి కావాలని తెలిసింది. వెంటనే పోయాను. పోయి కొలువు అడిగానా? లేదు. మూడు రోజులు వరుసగా దుకాణంలో నిలబడి సైకిళ్ళ వైపు చూశాను. మూడో రోజు సేటే లేచి వచ్చాడు.

"చిన్నదొరా, మూడు దినాలాయె. సైకిల్ కొంటానవా, కొలువు కావాల్నా?"

జవాబు చెప్పడం కన్నా సైకిలెక్కి చూపించడం గౌరవం అనిపించింది. దుకాణం ముందు ఒక చుట్టు తిరిగాను. సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏం కూసుంటివయ్యా! గుర్రమెక్కినట్టున్నవ్. ఇట్ల కూసుంటే ములుగు దాకనన్న పోతవా?"

"సముద్రం దాకా పోతాను" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అప్పటికి నేను చూసిన పెద్ద నీళ్ళు పాలంపేట పక్కన రామప్ప చెరువు.

కానీ సేటుది వ్యాపారి చెవి. "సముద్రం దాక? మన దుకాణం బండి మీదనా?" అని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. 'వరంగల్ నుంచి సముద్రం దాకా పోయిన సైకిల్' అని రాసిన బోర్డు ఆయన రెప్పల వెనక నాకే కనిపించింది. షరతు అక్కడికక్కడే తేలింది. శనివారం పొద్దున బయలుదేరాలి. ఎనిమిది రోజుల్లో, అంటే వచ్చే శనివారం లోపల, సముద్రపు ఒడ్డు ఊరి పోస్టాఫీసు ముద్ర తేదీతో సహా పడాలి. పడితే నెక్కొండ దుకాణం నాది, పడకపోతే ఆ కొలువుకు ఇంకో మనిషి సిద్ధంగా ఉన్నాడు. సాక్షిగా సేటు మేనల్లుడు ఇంకో సైకిల్ మీద వస్తాడు. అతన్ని అందరూ 'బెల్లం' అనేవారు, ఎందుకంటే జేబులో ఎప్పుడూ బెల్లం ముక్కలు ఉండేవి. "నువ్వు సాయం జెయ్యొద్దు, నోరు తెరువొద్దు. చూసుడు, రాసుడు, గంతే" అని సేటు అతని చేతిలో ఒక నోటు పుస్తకం పెట్టాడు.

ఇంట్లో చెబితే నాన్న మొదట దుకాణం సంగతే పట్టుకున్నాడు. "దుకాణంల కూసుంటవా?"

"ముందు సముద్రానికి పోవాలె బాపూ."

"మా తాత గూడ పోదామనుకున్నడు" అన్నాడు నాన్న కాస్త మెత్తబడి. "గుర్రం సచ్చిపోయింది." దాన్నే అనుమతి కింద తీసుకున్నాను. అమ్మ దారిలో తినడానికి రొట్టె, బెల్లం కలిపి నలిపి మలీద ముద్దలు కట్టి ఇచ్చింది.

మొదటి మూడు రోజులు నేను మా వంశానికే వన్నె తెచ్చాను. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం. ఒకటే రోడ్డు, పక్కన కిలోమీటరు రాళ్ళు, రాళ్ళను అడగక్కర్లేదు, అవే చెబుతాయి. మంగపేట దగ్గర గోదావరి కనిపించినప్పుడు బెల్లం దిగి దండం పెట్టాడు, నేను సైకిల్ మీదనే తల పంకించాను. మూడో రోజు సాయంత్రానికి భద్రాచలం. లెక్క ప్రకారం ఆరో రోజుకే సముద్రం. "చూసుకో బెల్లం, రెండు రోజులు మిగులుతయి" అన్నాను. బెల్లం నోటు పుస్తకంలో ఏదో రాశాడు.

చింతూరు దాటాక అడవి మారిపోయింది. మా వైపు అడవిలో ఆకాశం కనిపిస్తుంది. అక్కడ రెండు పక్కల చెట్లు పైన కలిసిపోయి, వాన లేకపోయినా నీళ్ళు కారుతూ, మధ్యాహ్నం కూడా ఆకుపచ్చ చీకటి. మలుపుకొక వాగు రోడ్డును దాటి పోతుంది. కిలోమీటరు రాళ్ళకు నాచు పట్టి అన్నీ ఒకే అంకె చెబుతున్నాయి. ఎక్కడో జలగ కాలికి పట్టింది. వంగి చూసుకోవడం మా ఇంటి పద్ధతి కాదు కనుక అది తాగినంత తాగి, తనంతట తానే రాలిపోయింది. అక్కడే రోడ్డు రెండుగా చీలింది. ఒకటి సన్నగా గడ్డి మొలిచి, ఇంకొకటి విశాలంగా లారీ చక్రాల గుర్తులతో. నేను క్షణం కూడా ఆలోచించలేదు. మావాళ్ళది ఎప్పుడూ పెద్ద దారే.

ఆ పెద్ద దారి రెండు గంటలు పోయి పోయి అడవిలో వెదురు నరికే కూపులో ఆగిపోయింది. నరికి పేర్చిన వెదురు కుప్పలు, వాటి ముందు భోజనం చేస్తున్న కూలీలు. లారీలు వెదురు తీసుకుపోవడానికి వేసుకున్న దారి అది. కూలీలు అన్నం ముద్ద చేతిలో పట్టుకుని మమ్మల్ని చూశారు. నేను వెదురు నాణ్యత పరీక్షించడానికి వచ్చినవాడిలా రెండు గడలు తట్టి చూసి, తల ఊపి, సైకిల్ తిప్పాను.

"అడుగరాదా దొరా వాళ్ళను?" అన్నాడు బెల్లం, షరతు మరిచిపోయి.

"అవసరం లేదు."

ఆ రోజంతా, మర్నాడు సగం రోజు, ఆ అడవిలో ఎన్ని దారులున్నాయో అన్నీ చూశాం. ప్రతిదీ చివరికి అదే చీలిక దగ్గరికి తెచ్చి వదిలేది. మలీద అయిపోయింది. బెల్లం ఒక రాయి మీద కూర్చుని బెల్లం చప్పరిస్తూ రాసుకుంటున్నాడు. నెక్కొండ కుర్చీలో నాకు తెలియని ఎవడో కూర్చుని కాళ్ళూపుతున్నట్టు కనబడసాగింది. చీలిక దగ్గర ఒక కొండ ఆడమనిషి విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కట్టలు కడుతోంది. నిన్నా అక్కడే ఉంది.

"ఓ బాబూ, నిన్నటి నుంచి నాలుగుసార్లు ఇటే తిరుగుతున్నావు. ఏం పారేసుకున్నావు?"

"ఏం పారేసుకోలేదు."

"మరేం ఎతుకుతున్నావు?"

"సముద్రం" అన్నాడు వెనక నుంచి బెల్లం.

ఆమె అటూ ఇటూ చూసింది. "ఇక్కడ లేదే" అంది.

నేను గొంతు సవరించుకుని, తాత అయితే ఎట్లా అనేవాడో అట్లాగే, "రాజమండ్రి దారి చెప్పు" అన్నాను. ఆమె ఆకులు కట్టుకుంటూనే ఉంది, నేను గాలికి చెప్పినట్టు. ఇంకో కట్ట కట్టింది, ఇంకొకటి కట్టింది. ఆ ప్రశ్న ఎట్లా మొదలుపెట్టాలో నిజంగానే తెలియదు. మూడు తరాలుగా ఎవరూ వాడని మాట, గొంతులో తుప్పు పట్టి ఉంది. సైకిల్ దిగాను. "అమ్మా, నాకు దారి తెలవది. రాజమండ్రికి ఎటు పోవాలె?"

"ఆ మాట నిన్ననే అంటే నిన్ననే చెప్పేదాన్ని కదా" అని ఆమె లేచి, నాలుగు అడ్డాకు కట్టలు నా సైకిల్ వెనక పెట్టి తాడుతో బిగించింది. "నేనూ సంతకే. ముందు నడు."

నేను సైకిల్ నడిపించుకుంటూ ముందు, ఆమె చేతులూపుకుంటూ వెనక. కట్టలు జారితే ఆగి సర్దాను, దాని కోసం వంగాను కూడా. ఆ సన్న దారిలోనే పోయాం, గడ్డి మొలిచిన దానిలో. "కుడికి" అనేది వెనక నుంచి, "చూసుకో, రాయి" అనేది. సంత దగ్గర కట్టలు దించుకుని, "మా ఊరు ఇంతవరకే. అవతల వాళ్ళను అడుగు" అంది. (ఎక్కడో విన్నట్టుంది కదా? నాకూ అనిపించింది. పైకి అనలేదు.) బెల్లం మాత్రం అరపేజీ రాశాడు.

అక్కడి నుంచి మారేడుమిల్లి మీదుగా దిగుడు రోడ్డు! తొక్కక్కర్లేకుండా, చెట్ల మధ్య నుంచి గాలి చెవుల్లో ఈల వేస్తూ, నేను జీవితంలో మొదటిసారి హ్యాండిల్ మీదికి వంగి అరిచాను. ఇక ఆ నోరు మూతపడలేదు. రాజమండ్రి దాకా కనబడ్డవాళ్ళందరినీ దారి అడిగాను. ధవళేశ్వరం ఆనకట్ట మీద, రెండు వైపులా గోదావరి తప్ప ఇంకేమీ లేని చోట కూడా ఒకాయన్ని ఆపి "ఇటేనా?" అన్నాను. కోనసీమలో దిగాక మరీ హాయి. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో కొబ్బరిచెట్ల దీవి, ఎటు చూసినా కాలవగట్టు. ఒక పెద్దాయన కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చి, "ఏ ఊరు బాబూ?" అన్నాడు.

"వరంగల్ అండి."

"అంత దూరం నుంచి సైకిలేసుకుని వచ్చారా! అయ్యో పాపం, మీ ఊరికి రైలు లేదేంటండీ?"

శనివారం మధ్యాహ్నం మూడింటికి సముద్రపు ఊరు చేరాం. చప్పుడు వినబడుతోంది, నీళ్ళు ఇంకా కనబడలేదు. పోస్టాఫీసంటే బడిపంతులు గారి ఇంటి వసారా, పోస్టుమాస్టరూ ఆయనే, దానికి తాళం. పాత నేనయితే ఆ తాళం ముందు నిటారుగా నిలబడి సాయంత్రం దాకా ఎదురుచూసి కొలువు పోగొట్టుకునేవాణ్ని. ఎదురింటావిడను అడిగాను, ఆమె చావిట్లో ముసలాయన్ని అడగమంది, ఆయన, మాస్టారు పాయ అవతల లంకలో వియ్యాలవారింటికి వెళ్ళారన్నాడు. రేవులో పడవవాణ్ని అడిగాను. సైకిళ్ళు పడవలో అడ్డంగా పెట్టి దాటాం. లంకలో నలుగురిని అడిగితే నలుగురూ వెంట వచ్చారు. మాస్టారు విస్తరి ముందు నుంచి లేస్తున్నారు. నా కథంతా నిలబడే చెప్పాను.

"ఎనిమిది రోజులా! ముందే చెప్పరేంటండీ" అని ఆయన చెయ్యి కూడా సరిగ్గా తుడుచుకోకుండా పడవెక్కారు. తాళం తీశాక మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని గవర్నమెంటు అయిపోయారు. "నోటు పుస్తకం మీద ముద్ర వెయ్యకూడదండి. ఉత్తరం ఉంటే వేస్తాను. సంచి పట్టుకెళ్ళేవాడు వచ్చేస్తాడు, వేగిరం రాయండి."

రెండు కార్డులు కొన్నాను. సేటుకు 'చేరాను' అని ఒక్క మాట. రెండోది నాన్నకు. 'బాపూ, సముద్రం చేరిన. దారి అడుక్కుంట వచ్చిన. ఏం కాలేదు.' మాస్టారు ముద్రను సిరాలో అద్ది, ఊది, టప్, టప్ అని కొట్టారు. తేదీ మల్లెపువ్వులా విచ్చుకుంది. వెంట వచ్చిన నలుగురూ పదిమంది అయ్యారు, అందరూ చప్పట్లు కొట్టారు. బెల్లం తన దగ్గరున్న ఆఖరి ముక్క తీసి నా నోట్లో పెట్టాడు. (అది సాయం కిందికి రాదని తర్వాత సేటుతో వాదించాడు.)

అప్పుడు చూశాను సముద్రాన్ని. తడి ఇసుక గట్టిగా, సిమెంటు రోడ్డులా ఉంది. అల వెనక్కి పోయిన జాగాలో మైలు దూరం తొక్కాను, నీళ్ళు చక్రాల మీదికి చిమ్ముతూ, వల లాగేవాళ్ళు కేకలు వేస్తుంటే. ఆ మైలు మాత్రం నిటారుగానే కూర్చున్నాను. అంత గెలిచినవాడికి ఆ మాత్రం హక్కుంటుంది.

రైల్లో తిరిగి వచ్చేసరికి కార్డులు మాకన్నా ముందే వచ్చాయి. సేటు తనదాన్ని అద్దం కట్టించి దుకాణంలో వేలాడదీశాడు. నాన్న తనదాన్ని ఏం చేశాడో చెప్పలేదు. రాత్రి అన్నం దగ్గర, "నెక్కొండల నీకు కుర్సీ ఉంటదా?" అన్నాడు.

"ఉంటది బాపూ."

"ఎన్కకు ఆనుకునేదేనా?"

"ఆనుకునేదే."

"సరే" అన్నాడు.

ఇప్పుడు నాకు వెన్ను వంగింది, డాక్టరు నిటారుగా కూర్చోమంటున్నాడు. ఈ మధ్య ఎక్కడికి పోయినా, దారి తెలిసినా సరే, ఎవరినో ఒకరిని ఆపి అడుగుతాను. మనవరాలు విసుక్కుంటుంది. వెదురు గడలు తట్టి చూసిన ఆ ఇరవై రెండేళ్ళ దొరను తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటాను, కాస్త జాలిగా, కాస్త గర్వంగా. నెక్కొండలో నేను అమ్మిన మొదటి సరుకు ఆ సముద్రం చూసి వచ్చిన సైకిలే. గొలుసులో ఇసుక ఇంకా పోలేదు. పాలు పోసే మనిషి కొనుక్కుపోయాడు, రసీదు నేనే రాశాను.