వెయ్యి మంది పట్టే గ్యాలరీ

రోమునగరంలోని పాత రాతి క్రీడారంగంలో యాభై వేల మంది పట్టేవారని ఒక పుస్తకం, కాదు ఎనభై వేలని ఇంకో పుస్తకం. ఎన్నో వందల ఏళ్లుగా ఖాళీగా పడివున్న మెట్ల మీదే పండితులకు లెక్క కుదరలేదు. మైదానం కట్టినవాడి నోటికీ, అందులో కూర్చునేవాడి పిర్రలకూ ఎన్నడూ పొంతన ఉండదు. ఇది నాకు నేర్పింది పుస్తకాలు కావు, రామన్నపేట కురుమయ్య.

కురుమయ్య గొర్ల మంద వెనక పుట్టి పెరిగినవాడు. నాగార్జునసాగర్ పనుల్లో రెండేళ్లు మట్టి మోసి, మేస్త్రీనని చెప్పుకుంటూ ఊరికి తిరిగొచ్చాడు. మోసినవాడు మేస్త్రీ ఎట్లయిండని అడిగితే, "మోసినోనికే బరువు ఎరుక" అనేవాడు. ఆ నోటి ధాటికే పంచాయతీ వాళ్లు అరవై రెండులో కబడ్డీ పోటీల మైదానం అతనికి అప్పజెప్పారు. చుట్టూ మట్టి మెట్లు పోయించి, గ్యాలరీ అని పేరు పెట్టాడు.

ఎంతమంది పడతారో తేల్చడానికి మనుషులెందుకు? అన్నదమ్ముల మందలన్నీ కలిపి మెట్ల మీదికి తోలించాడు. వెయ్యి గొర్లు ఎక్కి నిలబడ్డాయి.

"గొర్రె నిలవడ్డ జాగాల మనిషి కూసోడా? వెయ్యి మంది పడ్తరు!"

చౌటుప్పల్ నుంచి వచ్చిన బావ గాలయ్య నవ్వాడు. "పడితే నా మీసం గీకిపిస్త. పట్టకుంటే నీది గీకియ్యాలె బావా."

కురుమయ్య మీసం తక్కువది కాదు. భార్య బీరమ్మ అన్నంలోకి దొరకని నెయ్యి దానికి దొరికేది. అయినా పందెం ఒప్పుకున్నాడు.

పోటీల నాడు జనం పొద్దున్నే వచ్చారు, భుజాన గొంగళ్లతో. ఆ ప్రాంతంలో గొంగడి పరిచిన జాగా గొంగడి యజమానిది. దాన్ని తొక్కడం ముఖం మీద ఉమ్మినట్టే. ఒక్కొక్కడు తనకూ, తమ్ముడికీ, ఇంకా ఇల్లు కదలని వియ్యంకుడికీ కలిపి పరిచి, కల్లు తాగడానికి పోయాడు. ఆట మొదలయ్యే వేళకు గ్యాలరీ నిండిపోయింది, నల్ల ఉన్నితో. మనుషులు మాత్రం బయట బండ్ల మీద, గోడల మీద వేలాడుతున్నారు.

"బావా, మీసానికి నూనె వెట్టినవా? కత్తికి జర మెత్తగుంటది," అన్నాడు గాలయ్య.

కురుమయ్య గొంతు చించుకున్నాడు. "గొంగళ్లు తీయుండ్రి! జనాన్ని కూసోనియ్యుండ్రి!"

ఎవరూ కదలలేదు. ముసలి భిక్షం కర్రతో ముందు వరస చూపించాడు. "ముందుగాల గవ్వి తియ్యి. గవ్వి తీస్తే అందరం తీస్తం."

అక్కడ పరిచినవి కురుమయ్యవే, మూడు కొత్త గొంగళ్లు. పంచాయతీ సమితి అధ్యక్షుడు బంధువర్గంతో వస్తానని కబురు పంపాడు. వచ్చి కూర్చుంటే గ్యాలరీకి కురుమయ్య పేరు పెట్టిస్తానన్నాడట.

బీరమ్మ నెత్తి కొట్టుకుంది. "గొర్రెలతోని కొలిస్తివి గద! గొర్రె గొంగడి తన పెయ్యి మీదనే తెచ్చుకుంటది, పరువదు. తియ్యయ్యా, మీసమన్న దక్కుతది."

కురుమయ్య వంగి గొంగడి అంచు పట్టుకున్నాడు. దూరాన రోడ్డు మీద దుమ్ము లేచింది. అంచు వదిలేసి, మీసం దువ్వుకుని నిలబడ్డాడు. వచ్చింది సున్నపు లారీ.

ఆట అయిపోయేదాకా దుమ్ము లేచిన ప్రతిసారీ మీసం దువ్వుకున్నాడు. అధ్యక్షుడు రాలేదు. కబడ్డీ జట్లు గొంగళ్ల ముందు ఆడి, గొంగళ్ల ముందే గెలిచాయి. సాయంత్రం మంగలి జానయ్య అదే ముందు వరసలో, అదే కొత్త గొంగడి మీద అతన్ని కూర్చోబెట్టి కత్తి నూరాడు.

"ఒక్కడన్న కూసున్నడు," అన్నాడు గాలయ్య.

మీసం మూడు నెలల్లో మొలిచింది. రెండు వానాకాలాలకు మెట్లు సగం కరిగిపోయాయి. తరవాత నేను అటు పోయినప్పుడు కురుమయ్య ఆ మట్టి దిబ్బ చూపించి, "గీడ రెండు వేల మంది కూసుంటుండె" అన్నాడు. రోముకు కూడా మొదట ఇట్లాంటి మేస్త్రీయే దొరికి ఉంటాడు.