మినుముల పోలిక

పాలకొల్లులో ఆకాశం గురించి చెప్పాలంటే భాస్కరం మాస్టారే చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఏటా డిసెంబరులో హైస్కూలు హాల్లో ఆయన ఉపన్యాసం. రిటైరయ్యాక కూడా ఆ ఒక్క పూట ఆయనదే. అది కాస్తా 2008లో స్కూలువాళ్ళు కౌముదికి ఇచ్చేశారు. నిన్నగాక మొన్న ఆయన దగ్గర తొమ్మిదో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు కాలేజీ లెక్చరరు.

మాస్టారి కడుపు మండింది. మండినా వెళ్ళి ముందు వరసలోనే కూర్చున్నారు. ఆ పిల్ల తడబడితే బాగుండునని కోరుకోవడం తప్పని ఆయనకు తెలుసు. తెలిసే కోరుకున్నారు.

తెర మీద నక్షత్రాల గుత్తి వెలిగింది.

"ఇవన్నీ ఒకేసారి పుట్టాయని అనుకునేవాళ్ళం. హబుల్ టెలిస్కోపుతో చూస్తే కొన్ని గుత్తుల్లో రెండు మూడు రకాలు కనిపిస్తున్నాయండి. ముందొక తరం, తరవాత ఇంకో తరం పుట్టాయని అంచనా," అంది కౌముది.

అవన్నీ కవలలని ఇరవై ఏళ్ళు ఊదరగొట్టింది మాస్టారే. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమ్మా, పెద్ద నక్షత్రాలు పేలినప్పుడే వాయువంతా ఊడ్చుకుపోతుంది కదా! రెండో తరానికి సరుకెక్కడిది?"

"ఆ పేలుళ్ళయ్యాక, మధ్యరకం నక్షత్రాలు ముసలివై మెల్లగా వాయువు వదులుతాయి సార్. అది గుత్తి దాటి పోలేక మధ్యలో చేరుతుంది. ఇంకా తేలలేదు, వాదించుకుంటూనే ఉన్నారు."

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టండి!" అన్నాడు వెనకనుంచి రైతు బుల్లబ్బాయి. హాలంతా నవ్వింది. కౌముది ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టింది.

ఇదే అదనని మాస్టారు వేదికెక్కి మైకు లాక్కున్నారు. కౌముది చెయ్యి తీసేసి పక్కకు జరిగింది.

"బుల్లబ్బాయీ, వరి కొయ్యకముందే చేలో మినుములు జల్లుతావు కదా. మళ్ళీ నీళ్ళు పెడతావేంటి?"

"ఎందుకండీ? వరి వదిలిన చెమ్మ చాలదేంటండీ!"

"అంతే! ముందు తరం వదిలినదానితోనే తరవాతి తరం."

చప్పట్లు మోగిపోయాయి. అందరికన్నా గట్టిగా కౌముదే కొట్టింది. మాస్టారు పెళ్ళికొడుకులా దిగి వచ్చి కూర్చున్నారు.

కౌముది తరవాతి బొమ్మకు నొక్కింది. తెర మీద వరి మోళ్ళ మధ్య పచ్చగా మినుము మొలకలు. వెంటనే ఇంకోసారి నొక్కేసింది.

హాల్లో ఇంకెవరూ పట్టించుకోలేదు. మాస్టారికి మాత్రం అర్థమైంది. ఆ పిల్ల తడబడలేదు. ఆ బొమ్మ చూపించబోయి, ఆయన రావడం చూసి మానేసింది.

చదువులో మించితే మించింది, మనసులోనూ మించాలా అని ఇంటిదాకా కుళ్ళుకుంటూనే నడిచారు మాస్టారు.