చేను చూపించిన శివ

ఉదయం మబ్బు పట్టింది కానీ గాలి లేదు. వరికి దోమ మందు కొట్టించడానికి మంచి రోజని, డ్రోను నడిపే శివను రమ్మన్నాను. డిగ్రీ చదివి ఈ పనిలో చేరాడు. వాళ్ళ నాన్న సత్యం వీపున పంపు మోసుకుని మా చేలో మందు కొట్టేవాడు. డ్రోను వచ్చాక ఆయన పని పోయింది.

ఈసారి శివతో పాటు డ్రోను కంపెనీ మనిషి కొత్త డ్రోను తెచ్చాడు. శివ రిమోటు పట్టుకుని గట్ల వెంట ఒక చుట్టు తిరిగి, ప్రతి మూలలోనూ ఆగి గుర్తు పెట్టాడు. ఆ తర్వాత డ్రోను తనంతట తానే లేచి, చేనంతా మందు కొట్టి, లేచిన చోటే దిగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు శివా?" అన్నాను.

"ఇక నేనెందుకండీ? మీ చేను దానికి కంఠతా వచ్చేసిందండి. మీరే ఫోనులో నొక్కుకోవచ్చు."

"మరి నీ పని?"

"ఈ కాలవ కింద చేలన్నీ దీనికి చూపించేదాకా ఉందండి. నాన్న పని నేను తీసేశానని ఇంట్లో దెప్పుతారు. ఇప్పుడు నాది కూడా నేనే తీసేసుకుంటున్నాను, ఇక వాళ్ళేమంటారండీ?"

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఇది చదివే మీరు, మీ వైపు చేలు డ్రోనుకు ఎవరు చూపిస్తున్నారో చెప్పండి.

కంపెనీ మనిషి పక్క చేను రైతును కూడా ఒప్పించాడు. పదకొండింటికి శివ రిమోటు తీసుకుని ఆ గట్టు మీదికి వెళ్ళాడు.