దక్షిణానికి ముక్కు తిప్పిన ఇల్లు

నాలుగేళ్లుగా మా ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం. గద్వాలలో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ, మా అత్తమ్మా. మా ఆయన శ్రీను కాలువ పనుల దగ్గర సర్వేయరు. పని ఎటు జరిగితే అటు పోవాలి. ఒక ఏడు వనపర్తి వైపు, మరో ఏడు నాగర్‌కర్నూలు వైపు. సైటు దగ్గర రేకుల షెడ్డులోనే పడక. పదిహేను రోజులకోసారి మాసిన బట్టల మూట తెచ్చి పడేసి, ఉతికినవి పట్టుకుని మళ్లీ బస్సెక్కేవాడు. ఆరు నెలలకో ఊళ్లో ఇల్లు వెతుక్కుని సామాను మోయడం మా వల్ల అయ్యే పని కాదని పెళ్లయిన కొత్తల్లోనే తేల్చేశారు. ఎవరు తేల్చారో గుర్తులేదు గానీ, నన్ను అడగలేదన్న సంగతి మాత్రం బాగా గుర్తుంది. చివరికి ఒకరోజు మొండికేశాను. మనిషి తిరగడం తప్పనప్పుడు ఇల్లు కూడా వెంట తిరగాల్సిందేనన్నాను.

ఒక స్కూలు వాళ్లు వదిలించుకుంటున్న పాత మాటడోర్ వ్యాను కొన్నాం. కర్నూలులో లారీ బాడీలు కట్టే షెడ్డులో రెండు నెలలు ఉంచి, పక్కనే నిలబడి పని చేయించుకున్నాను. పగలు కూర్చునే రెండు బల్లలు, మధ్యలో పలక వేస్తే ముగ్గురికి పడక. బల్లల కింద బియ్యం, బట్టలు. నేను జాకెట్లు కుడతాను కాబట్టి డ్రైవరు సీటు వెనక కుట్టు మిషను బిగించాం. దాని మీద చెక్క మూస్తే అదే అన్నాల బల్ల. ఎడమవైపు, ముందు సీటు వెనకాల చిన్న గ్యాసు పొయ్యి, కుళాయి పెట్టిన నీళ్ల డ్రమ్ము. వ్యాను తలుపు ఎడమ పక్కకు తెరుచుకుంటుంది. చూసినవాళ్లంతా ఇది ఇల్లా, అగ్గిపెట్టా అని నవ్వారు. నవ్వనివ్వండి, వాళ్ల మొగుళ్లు రోజూ సాయంత్రం ఇంటికి వస్తున్నారు కదా.

అసలు చిక్కు అత్తమ్మ దగ్గర వచ్చింది. ఆమెను వదిలి వెళ్లే ప్రసక్తే లేదు, ఆమె రానంటే మా ప్రయాణమే లేదు. ఇంటి వాకిలి తూర్పున ఉండాలి, పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి, పడుకుంటే తల దక్షిణానికి ఉండాలి అంది. సుద్దముక్కతో గచ్చు మీద వ్యాను బొమ్మ గీసుకుని నాలుగు దిక్కులకూ తిప్పి చూశాను. బండి ముక్కు దక్షిణానికి తిప్పి నిలిపితే తలుపు తూర్పుకు వస్తుంది, పొయ్యి సరిగ్గా ఆగ్నేయంలో పడుతుంది, ముందువైపు తల పెడితే దక్షిణమే. నా తెలివికి నేనే మురిసిపోయాను. అత్తమ్మ కూడా బొమ్మను రెండుసార్లు చూసి తలూపింది గానీ, మాట మాత్రం ఇవ్వలేదు. "ఒక్క రాత్రి సూస్త. నిద్ర పట్టిందంటె మీ ఎంబడి వస్త. పట్టలేదంటె బండి అమ్ముడే" అంది. శ్రీనుకు కొత్త పని లింగాల వైపు పడింది. గద్వాల నుంచి లింగాల దాకా ఒక పగలు ప్రయాణం, అక్కడ ఒక రాత్రి. నాలుగేళ్లు ఓర్చి పట్టిన నా మొండిపట్టుకు అదే పరీక్ష.

చలి మొదలైన రోజులు. పొద్దున ఏడింటికి బయలుదేరాం. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తా దాకా అరగంట పైనే పట్టింది, ఇటిక్యాల వైపు నుంచి పత్తి బోరాలతో వచ్చే ట్రాక్టర్లు దారి ఇస్తేగా. అక్కడ హైవే ఎక్కి ఉత్తరానికి తిరిగితే బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన వస్తుంది. అత్తమ్మ పొయ్యి పక్క కిటికీలోంచి నదికి దండం పెట్టి, "వంటింట్ల కూసోని కృష్ణమ్మకు మొక్కుడు ఇదే మొదలు" అంది. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు. వంతెన దిగగానే గ్లాసులన్నీ ఒకటే మోత. మీరూ ఇలాంటి బండి కట్టించుకుంటే స్టీలు సామాను మధ్య పాత చీర ముక్కలు కుక్కండి, లేకపోతే చెవులు పోతాయి.

పెబ్బేరులో టీ కోసం ఆగితే శ్రీను అత్తమ్మ మాట గుర్తుంచుకుని బండి ముక్కు దక్షిణానికి తిప్పబోయాడు. టీ కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఓ అన్నా, అడ్డం పెడ్తున్నవేంది? నా గిరాకి ఎట్ల రావాలె?"

"మా అమ్మకు దిక్కు కుదరాలన్నా" అన్నాడు శ్రీను.

"ఛాయ్ తాగనీకి కూడ దిక్కు సూస్తరా?" అని ఆయన అత్తమ్మ వైపు చూశాడు. అత్తమ్మ తల తిప్పుకుని, "ఛాయ్‌కి అక్కర లేదులే, సీదా పెట్టురా" అంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. టీ మూడు రూపాయలు, అల్లం బాగా వేశాడు.

పెబ్బేరు నుంచి కుడివైపు రోడ్డు పట్టుకుంటే వనపర్తి. అన్నాలకు మేమే వండుకోవాలనుకున్నాం గానీ, బస్టాండు దగ్గర ఒకావిడ పెనం మీద జొన్నరొట్టెలు కొడుతుంటే శ్రీను కాళ్లు కదల్లేదు. రొట్టె, వంకాయ కూర, కడుపు నిండా తిన్నా ముగ్గురికీ యాభై రూపాయలు దాటలేదు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వ్యానులోకి తొంగి చూసింది.

"నా వంటిల్లు కన్న ఇదే నయముంది పెద్దమ్మా. మంచిగ కట్టించిన్రు."

"సూడనీకి అన్నీ మంచిగనే ఉంటయి. పండుకుంటె తెలుస్తది" అంది అత్తమ్మ.

నాకు ఒళ్లు మండింది. నోరు మూసుకుని రొట్టె నమిలాను. గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూలు చేరేసరికి మూడయింది. అక్కడ డీజిలు పోయించి, డ్రమ్ము నింపుకుని, కూరగాయలు కొనుక్కున్నాం. ఈ పనులన్నీ అక్కడే చేసుకోవడం మంచిది, తెల్కపల్లి దాటాక సెల్‌ఫోనుకు సిగ్నలు కూడా దోబూచులాడుతుంది. ఆ పక్క నుంచి రోడ్డు సన్నబడుతుంది, దూరాన నల్లమల కొండలు కనిపిస్తాయి. దారి పొడవునా ఎవరో ఒకరు చెయ్యెత్తి ఆపేవారు, సర్వీసు బండి అనుకుని.

లింగాల చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊరి బయట బాలయ్య అనే రైతు చేను కాలువ పనికి దగ్గర. శ్రీను ముందే అడిగి పెట్టుకున్నాడు. రోడ్డు మీద నుంచి చేనులోకి దిగే బండిబాట ఒక్కటే చోటు, రెండు వైపులా పత్తి. బాట నేరుగా దక్షిణానికే ఉంది. నేను లోలోపల ఎగిరి గంతేశాను.

"గాడ్నే ఆపుకోండ్రి. పత్తి తొక్కకుంటె సాలు" అన్నాడు బాలయ్య. "ఇంక కిందికి పోకుండ్రి, వాగు దిక్కు దిగవడ్తది. ముగ్గురు గిండ్లనే పండుతరా?"

"పండాలె" అన్నాను నేను.

పొయ్యి మీద నూనె పోశాక తెలిసింది. నూనంతా ఒక మూలకే చేరింది. బాట వాగు వైపు వాలి ఉంది, బండి ముక్కు కిందకు వంగింది. పలక వేసి పడక పరిచి అత్తమ్మను పడుకోమంటే, ఆమె ఇట్టే లేచి కూర్చుంది. "తల్కాయలకు రక్తం దిగుతుంది, కండ్లు తిరుగుతున్నయి" అంది. తల అటువైపు మార్చుకుంటే ఎత్తుకు వస్తుంది గానీ, అటు ఉత్తరం. ఉత్తరానికి తల పెట్టి పడుకోవడమంటే మా ఇంట్లో నోరెత్తి అనే మాట కూడా కాదు.

శ్రీను రాళ్లు ఏరుకొచ్చాడు. ముందు చక్రాల కింద పేర్చి, బండిని వాటి మీదకు ఎక్కించాడు. మెత్తటి నేలలో రాళ్లు దిగబడిపోయాయి. మళ్లీ తెచ్చాడు. బాలయ్య కూడా ఒక చెయ్యి వేశాడు. అవీ దిగబడ్డాయి. పొద్దున్నుంచి బండి నడిపిన మనిషి, చక్రం ముందు మోకాళ్ల మీద కూలబడి, "సుజాతా, రేపు వాపస్ పోదాం. నేను షెడ్డులనే ఉంట" అన్నాడు. "పోను" అన్నాను. నేను కూడా చీర చెంగు దోపుకుని రాయి ఎత్తాను. ఏడుపు వస్తోంది గానీ, ఏడిస్తే బండి అమ్మినట్టేనని రాయి గట్టిగా పట్టుకున్నాను.

అత్తమ్మ తలుపులో నిలబడి ఇదంతా చూస్తోంది.

"శ్రీనూ, ఇగ చాలు. రాళ్లు మోసుడు బంద్ చెయ్" అంది. "నాలుగేండ్ల సంది షెడ్డులల్ల పండుకున్నవు. ఏ దిక్కు తల పెట్టినవురా అని నేను ఒక్కనాడన్న అడిగిన్నా?"

శ్రీను తలెత్తి చూశాడు.

"అడగలే. నువ్వు యాడ పండినవో కూడ నాకు తెల్వదు. ఇయ్యాల నా కండ్ల ముంగట పండుతవు, గది చాలు. ఇంక దిక్కుతోని నాకేం పని?"

ఆమె వెనక్కి తిరిగి ముగ్గురి దిండ్లూ తీసి, ఉత్తరం వైపు వరసగా వేసింది. శ్రీను చేతుల మట్టి దులుపుకోవడం మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాడు. నాకైతే అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసింది. నూనె ఒక మూలకు చేరిన బాణలిలోనే కూర వేయించాం, సగం మాడింది, ముగ్గురం తిన్నాం. ఆ రాత్రి నిద్ర పట్టనిది నాకొక్కదానికే, అత్తమ్మ గురకకు.

పొద్దున శ్రీను కాలువ గట్టు చూసొస్తానని వెళ్లి, బూట్ల నిండా బురదతో తిరిగొచ్చి బండెక్కబోయాడు. పొయ్యి దగ్గర టీ కాస్తున్న అత్తమ్మ గరిటె ఎత్తి అరిచింది. "బూట్లు బయట ఇడ్వు! ఇల్లనుకున్నవా, బండి అనుకున్నవా?"

ఆ నెలాఖరుకు గద్వాల ఇల్లు ఖాళీ చేశాం. రెండు గదుల సామానులో సగం పంచిపెట్టాల్సి వచ్చింది, ఇత్తడి బిందె ఇచ్చేటప్పుడు అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. వానాకాలం ఎలా ఉంటుందో ఇంకా తెలియదు. చిన్న ఇంట్లో కోపం వస్తే విసురుగా వెళ్లడానికి ఇంకో గది ఉండదు, అది మాత్రం ఇప్పటికే తెలిసింది. అయినా సాయంత్రం ఆయన ఇంటికి వస్తున్నాడు, నేను కుట్టు మిషను మీద చెక్క మూసి మూడు పళ్లేలు పెడుతున్నాను. ఇలాంటి ప్రయాణం అనుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. బండి ఆపగానే వంట మొదలుపెట్టకండి. పళ్లెంలో నీళ్లు పోసి బండి లోపల నేల మీద పెట్టి వాలు ఎటుందో చూసుకోండి, ఎత్తు వైపు తల పెట్టుకుని పడుకోండి. అది ఏ దిక్కయిందని ఎవరైనా అడిగితే, మా అత్తమ్మ పెట్టమందని చెప్పండి.